మంచు కురిసే సమ్మర్ క్యాంపునకు మనవలను పంపండి

అమెరికాలో స్థిరపడిన పిల్లల వద్దకు ఆరు నెలలు వెళ్ళి వచ్చే తాతయ్యలకు, అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ నాలుగు మాటలు ముఖ్యంగా ఉద్దేశించినవి. జూలైలో మనవడు సమ్మర్ క్యాంపునకు వెళ్తే అభ్యంతరం చెప్పని పెద్దలు సైతం, అదే క్యాంపు వారు ఫిబ్రవరిలో మూడు రోజులకు పిలిస్తే, "ఇంత మంచులోనా! పిల్లవాడికి నిమ్ము చేస్తుంది" అని అడ్డుపడుతున్నారు. కోడలో, కూతురో పెద్దల మాట కాదనలేక ఆపివేస్తున్నారు. వైద్యునిగా నా అభిప్రాయం ఒక్కటే: తగిన దుస్తులు వేసి పంపండి.

మన ఊళ్ళలో సమ్మర్ క్యాంపు అంటే ఉదయం రెండు గంటలు చదరంగమో, ఈతో, కూచిపూడో నేర్పి ఇంటికి పంపేది. అక్కడి సంప్రదాయం వేరు. 1861లో కనెక్టికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే ఉపాధ్యాయుడు తన బడి పిల్లలను రెండు వారాలపాటు ఆరుబయట గుడారాలలో ఉంచాడు. దానినే మొదటి క్యాంపుగా చాలామంది లెక్కిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలో షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ డడ్లీ 1885 నుండి నేటికీ నడుస్తున్నది. పిల్లలు అక్కడే నిద్రిస్తారు, అక్కడే తింటారు, తమ మంచాలు తామే సర్దుకుంటారు. చాలా క్యాంపులలో ఫోను అనుమతించరు. ఈ ఒక్క నియమానికే నేను వారికి నమస్కరిస్తాను.

శీతాకాలంలో ఇటువంటి క్యాంపులు ఎక్కువగా మూతపడే ఉంటాయి. గొట్టాలలో నీరు గడ్డకడితే పగిలిపోతాయి గనుక నీటిని ఖాళీ చేసి తాళాలు వేస్తారు. అయితే వెర్మాంట్, మిన్నెసోటా వంటి చలి రాష్ట్రాలలో కొన్ని క్యాంపులు ఒకటి రెండు భవనాలకు వేడి సదుపాయం ఏర్పరచి, వేసవిలో వచ్చిన పిల్లలనే మళ్ళీ పిలుస్తాయి. జూలైలో ఈదిన సరస్సు మీదనే ఇప్పుడు నడుస్తారు. చీపురువంటి కర్రలతో బంతిని కొడుతూ మంచుగడ్డ మీద బ్రూమ్‌బాల్ ఆడతారు. పాదాలకు వెడల్పాటి చట్రాలు కట్టుకొని, మోకాలి లోతు మంచులో దిగబడకుండా అడవిలో తిరుగుతారు. గుట్ట మీదనుండి స్లెడ్డు బల్లపై జారి, మళ్ళీ దానిని లాక్కుంటూ ఎక్కుతారు. జారేది అర నిమిషం, ఎక్కేది ఐదు నిమిషాలు. వ్యాయామమంతా ఆ ఐదు నిమిషాలలోనే ఉన్నది. పిల్లలకు ఆ సంగతి తెలియదు, తెలియనవసరమూ లేదు.

ఇక నిమ్ము భయం సంగతి. జలుబుకు, ఫ్లూకు కారణం వైరస్‌లు. అవి ఒకరినుండి మరొకరికి సోకుతాయి. చలికాలంలో అవి విజృంభించుటకు పొడిగాలి ఒక కారణమైతే, తలుపులు బిగించుకొని ఒకే గదిలో అందరమూ కూర్చోవడం మరొక కారణం. ఆరుబయట ఆడే పిల్లవాడికంటే హీటరు ముందు దగ్గేవారి పక్కన కూర్చున్న పిల్లవాడికే ప్రమాదం ఎక్కువ. అయినా క్యాంపులోనూ రాత్రి పదిమంది ఒకే గదిలో పడుకుంటారు గనుక, శీతాకాలం మొదట్లోనే ఫ్లూ టీకా వేయించడం మంచిది.

కంటి విషయం కూడా చెప్పాలి. చైనాలోని గ్వాంగ్జౌ నగరంలో కొన్ని బడుల పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళ తరువాత చూడగా వారిలో 30.4 శాతం మందికి, మామూలుగా ఉన్న పిల్లలలో 39.5 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి వచ్చింది. 2015లో వెలువడిన ఈ ఫలితం కళ్ళద్దాల కుటుంబాలమైన మనం గుర్తుంచుకోదగినది. మూడు రోజుల క్యాంపు కంటిని కాపాడుతుందని నేను అనడం లేదు. చలిలోనూ బయట తిరగవచ్చునన్న అలవాటు అక్కడ పడుతుంది.

నాకు వీటన్నిటికంటే ముఖ్యంగా తోచేది స్నేహం. కాన్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడు లెక్క కట్టిన ప్రకారం, ముఖపరిచయం మామూలు స్నేహంగా మారుటకు సుమారు 50 గంటలు, ఆప్తమైత్రి కుదురుటకు 200 గంటలకు పైన కలిసి గడపవలసి ఉంటుంది. అది పెద్దవారినీ, కళాశాల విద్యార్థులనూ పరిశీలించి చెప్పిన మాట గనుక పిల్లలకు యథాతథంగా వర్తింపజేయరాదు. అయినా ఒక్కసారి లెక్క వేయండి. వారానికి ఒక గంట సంగీతం క్లాసులో పక్కన కూర్చున్న పిల్లవాడితో 200 గంటలు నిండాలంటే నాలుగేళ్ళు పడుతుంది. మెలకువగా ఉన్న 14 గంటలూ కలిసే ఉండే క్యాంపులో పదిహేను రోజులు చాలు.

మన పిల్లలకు అమెరికాలో కొరవడుతున్నది ఈ గంటలే. కుమాన్ నుండి కోడింగుకు, అక్కడినుండి స్పెల్లింగ్ బీ తయారీకి కారులో తిప్పుతారు. ప్రతి చోటా పరిచయాలే, ఎక్కడా గంటలు కూడవు. వేసవిలో కుదిరిన స్నేహం కూడా పాఠశాలలు తెరిచాక ఫోను సందేశాలకు కుదించుకుపోతుంది. అందుకే ఆ ఫిబ్రవరి మూడు రోజులకు నేను ఇంత విలువ ఇస్తున్నాను. స్నేహితుడిని ఈత దుస్తులలోనే కాక, ఉన్ని టోపీలో ముక్కు ఎర్రబడి వణుకుతుండగా కూడా చూసినవాడికి ఆ బంధం మరొక మెట్టు దిగుతుంది. 1938లో ఆరంభమై నేటికీ కొనసాగుతున్న హార్వర్డ్ అధ్యయనం, మలివయసులో ఆరోగ్యానికీ సంతోషానికీ సన్నిహిత సంబంధాలతో గట్టి లంకె ఉన్నదని చెబుతున్నది. నా వయసువారికి దానికి అధ్యయనం అక్కరలేదు. మెడికల్ కాలేజీ హాస్టలులో ఒకే గదిలో ఉన్నవారే ఈనాటికీ నన్ను "ఏరా" అని పిలుస్తున్నారు.

ఖర్చు తక్కువేమీ కాదు, ఒప్పుకుంటాను. వెళ్ళనని ఏడ్చే పిల్లవాడిని బలవంతాన పంపమనడం కూడా నా ఉద్దేశం కాదు.

పంపేటప్పుడు ఒంటికి ఆనుకొని నూలు బనియను వేయకండి. చెమటకు తడిస్తే అది ఒళ్ళు చల్లబరుస్తుంది. ఉన్ని గానీ, పాలియెస్టర్ గానీ వేయండి. వేళ్ళు విడివిడిగా ఉండే తొడుగులకంటే అన్ని వేళ్ళూ కలిసి ఉండేవి వెచ్చన. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం వరకు తిప్పికొడుతుంది గనుక నల్లకళ్ళద్దాలు తప్పనిసరి. చలిలో దాహం తెలియదు, నీళ్ళు తాగమని చెప్పండి. వేళ్ళు తెల్లబడి మొద్దుబారితే మంచుతో రుద్దరాదు, నిప్పు దగ్గర పెట్టరాదు, గోరువెచ్చని నీటిలో ఉంచాలి. ఉబ్బసం ఉన్న పిల్లలకు చల్లని పొడిగాలిలో పరుగెత్తినప్పుడు ఆయాసం రావచ్చు. ఇన్‌హేలరును సంచి అడుగున పెట్టకుండా, ఎప్పుడు ఎన్నిసార్లు పీల్చాలో డాక్టరు చేత కాగితం మీద వ్రాయించి, మొదటి రోజే క్యాంపు నర్సు చేతికి ఇవ్వమని కోడలికి చెప్పండి.