ఇప్ప పరక అమ్మి పామాయిల్ కొంటున్నాం



పోస్ట్ కొంచెం పెద్దదే. అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఓపిక చేసుకొని చివరిదాకా చదవాలె. విషయం నూనె. పోడు పట్టాలు, స్కాలర్‌షిప్‌లు, ఉద్యోగాల నోటిఫికేషన్లు ఇన్ని ఉండగా నూనె గురించి రాస్తారా అని కొందరు నవ్వొచ్చు. కానీ హాస్టల్‌లో ఉండేటోళ్ళం మూడు పూటలా తినేది దాంతోనే. ఇంటికాడ అమ్మానాన్నలు తినేదీ దాంతోనే. ఒకప్పుడు మన గూడేల్లో బీపీ గోళీ అంటే ఎవరికీ తెలియదు, ఇప్పుడు నలభై దాటినోళ్ళ ఇంట్లో గూట్లో గోళీల కవరు కనిపిస్తున్నది. దానికి నూనె ఒక్కటే కారణం అని మేం చెప్పం. ఉప్పు, మందు, పొగాకు, తక్కువైన నడక అన్నీ ఉన్నాయి. కానీ నూనె మన చేతిలో ఉన్న విషయం, అందుకే రాస్తున్నాం.

మా మాట ముందే చెప్తాం. "నూనె తగ్గించండి" అనే ఒక్క సలహా మనకు సరిపోదు. ఏ నూనె, ఎంత నూనె, ఎన్నిసార్లు కాగిన నూనె అని మూడు ప్రశ్నలు అడగడం మనం నేర్చుకోవాలె.

క్యాంపులకు వచ్చే డాక్టర్లు, ఫోన్లో వీడియోలు చేసేటోళ్ళు కొవ్వు మానేయండి అంటారు. పట్నంలో రోజంతా కుర్చీలో కూర్చొని పని చేసేటోళ్ళకు, బరువు పెరిగినోళ్ళకు ఆ మాట సరిపోతది. మన హాస్టల్లో బక్కగా, రక్తం తక్కువగా ఉన్న చెల్లె అదే మాట విని కూర పక్కన పెట్టి ఉత్త చారన్నం తింటే మాత్రం నష్టపోతది. ఒక గ్రాము కొవ్వులో 9 కేలరీల శక్తి ఉంటది. అన్నంలోని పిండి పదార్థంలో, పప్పులోని ప్రోటీన్‌లో గ్రాముకు 4 కేలరీలే. పైగా ఏ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వుతో కలిసి పోతేనే ఒంటికి పడతాయి. మునగాకు, గుమ్మడికాయ ఎంత మంచివైనా, వాటిలోని కెరోటిన్ ఒంట్లోకి పోవాలంటే కూరలో ఇంత నూనె ఉండాల్సిందే. కాబట్టి కొవ్వు మన శత్రువు కాదు.

మరి మంచి కొవ్వు, చెడ్డ కొవ్వు అంటే ఏంది? పుస్తకాల్లో సంతృప్త కొవ్వు, అసంతృప్త కొవ్వు అని రాస్తారు. మేం దీన్ని కట్టెల మోపుతో అర్థం చేసుకున్నాం. సంతృప్త కొవ్వు గొలుసులు తిన్నని కట్టెల్లాగ ఉంటాయి. మోపు కడితే ఒకదానికొకటి ఆనుకొని బిగుసుకుంటాయి, అందుకే అట్లాంటి కొవ్వు గడ్డ కడతది. అసంతృప్త కొవ్వు గొలుసుల్లో వంకరలు ఉంటాయి. వంకర కట్టెలతో మోపు బిగవదు కదా, అందుకే ఆ నూనె చలిలో కూడా పారుతుంటది. చలికాలం తలకు పెట్టుకునే కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టడం, పక్కనే నువ్వుల నూనె పారుతూ ఉండడం అందరూ చూసిందే.

సంతృప్త కొవ్వు ఎక్కువైతే రక్తంలో ఎల్‌డీఎల్ అనే చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతది, అది గుండె రక్తనాళాల గోడల్లో పేరుకుంటది. దాని స్థానంలో అసంతృప్త నూనెలు తింటే ఆ కొలెస్ట్రాల్ తగ్గుతది. కొబ్బరినూనెలో 90 శాతం దాకా, నెయ్యిలో 60 శాతం పైన, పామాయిల్‌లో సగం దాకా సంతృప్త కొవ్వే. పల్లి నూనెలో 20 శాతం లోపు, నువ్వుల నూనెలో 15 శాతం దగ్గర, కుసుమ నూనెలో 10 శాతం లోపు ఉంటది. అవిసెల్లో ఒమేగా 3 రకం కొవ్వు బాగా ఉంటది, దాన్ని మన ఒళ్ళు సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలె.

అన్నిటికన్నా చెడ్డది ట్రాన్స్ కొవ్వు. ద్రవంగా ఉండే నూనెను ఫ్యాక్టరీలో హైడ్రోజన్‌తో సగం గట్టిపరిస్తే ఇది పుడతది. అంటే వంకర కట్టెను బలవంతంగా తిన్నగా చేసినట్టు. ఇది చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తది. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు 2 శాతం దాటకూడదని నిబంధన ఉంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం, ఇప్ప నూనె. మన దగ్గర కొందరు, మనది కాబట్టి అది అమృతం, బయటిది కాబట్టి పామాయిల్ విషం అని రాస్తున్నారు. ఆ మాట మేం ఒప్పుకోం. ఇప్ప గింజల నూనెలో కూడా 40 నుంచి 50 శాతం దాకా సంతృప్త కొవ్వు ఉంటది. చలికి అది గడ్డకట్టేది అందుకే. ఆ ఒక్క లెక్కలో అది పామాయిల్‌కు దగ్గరి చుట్టమే. మనది అనే ప్రేమతో అబద్ధం చెప్తే రేపు చదువుకున్న మన పిల్లలే మనల్ని నమ్మరు.

మరి బాధ ఎందుకు అంటారా? మన పెద్దోళ్ళు ఇప్ప నూనె ఒక్కటే తినలేదు. చేనుకాడ నువ్వులు, కుసుమలు, అవిసెలు, పల్లీలు ఉండేవి. విశాఖ మన్యంలో వలిసెలు ఉండేవి. ఒక కాలంలో ఒకటి, ఇంకో కాలంలో ఇంకోటి. కొంత గానుగ ఆడించి నూనె తీసేది, కొంత దంచి పొడి చేసేది, కొంత ఉత్తగానే నమిలేది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒకే నూనె పట్టుకోకుండా రకాలు మార్చి వాడమనే చెప్తది. మన పెద్దోళ్ళు ఆ పని ఎవరూ చెప్పకుండానే చేశారు.

ఇంకో సంగతి కష్టం. వానాకాలం మొదట్లో ఇప్ప పరక ఏరాలె, పైపెంకు తీయాలె, ఎండబెట్టాలె, గానుగకు మోయాలె. అంత కష్టపడి తెచ్చిన నూనెను ఏ అమ్మా గరిటెలతో పొయ్యదు, చుక్కలు లెక్కపెట్టి పోస్తది. మనకు నూనె అంటే గౌరవం కూడా. నార్నూర్ ఖాందేవ్ జాతరలో ప్రతి ఏడాది తొడసం వంశం ఆడపడుచు నువ్వుల నూనె తాగి మొక్కు తీర్చడం మన ఆదిలాబాదోళ్ళందరికీ తెలుసు. ఇప్పుడు అదే పరక సంతలో కిలోల లెక్కన అమ్మేస్తున్నాం, ఆ పైసలతోనే సంచిలో పామాయిల్ ప్యాకెట్లు తెచ్చుకుంటున్నాం. ప్యాకెట్ చింపితే పొయ్యడం సులువు, అందుకే ఎక్కువ పోస్తున్నాం. ఏడాది పొడుగూ ఒకటే నూనె. రకం పోయింది, కొలత పోయింది, గానుగ పోయింది. మేం బాధపడేది దీని గురించి.

ఇక హాస్టల్ మెస్ దగ్గరికి వద్దాం. ఎవరినీ తిట్టడానికి రాయట్లేదు. లెక్క తీయడానికి రాస్తున్నాం. ఒక హాస్టల్లో 100 మంది ఉన్నారు, నెలకు 15 కిలోల డబ్బాలు 3 ఖర్చవుతాయి అనుకుందాం. మొత్తం 45 కిలోలు. 100 మందికి, 30 రోజులకు పంచితే ఒక్కొక్కరికి రోజుకు 15 గ్రాములు. అది పామాయిల్ అయితే అందులో సంతృప్త కొవ్వు ఏడెనిమిది గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు శక్తిలో 10 శాతానికి మించి సంతృప్త కొవ్వు వద్దు అంటది. 2000 కేలరీలు తినేవాళ్ళకు అది దాదాపు 22 గ్రాములు. అంటే ఈ లెక్కన మెస్ కూరలో నూనె ఎక్కువేమీ లేదు. మీ హాస్టల్లో కూడా ఇట్ల లెక్క తీయండి, అప్పుడే మాట్లాడితే బలం ఉంటది.

తేడా రెండు చోట్ల వస్తది. ఒకటి, పూరీలు, బజ్జీలు వేసిన నూనెను దాచి మళ్ళీ కాచడం. అట్ల కాచిన కొద్దీ నూనె నల్లబడతది, చిక్కబడతది, నురుగు కడతది, పొయ్యి మీద పెట్టగానే పొగ వస్తది. అందులో కొవ్వు విరిగిపోయి ఒంటికి చేటు చేసే పదార్థాలు పుడతాయి. వాటిని పోలార్ పదార్థాలు అంటారు. అవి 25 శాతం దాటిన నూనె వాడొద్దని 2018 జులై 1 నుంచి దేశమంతా నిబంధన ఉంది. మిషన్ లేకపోయినా మన కళ్ళకు, ముక్కుకు తెలుస్తది. రెండోది, సాయంత్రం మనం బయట కొనుక్కునేది. బస్టాండ్ మిర్చి బజ్జీ, బేకరీ పఫ్, చిప్స్ ప్యాకెట్. మెస్ కూర బాలేదని ఇవి తిని కడుపు నింపుకుంటే ఆ తప్పు మెస్ మీద వేయలేం.

ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్దగా రాసి ఉంటే మోసపోవద్దు. చెట్ల, మొక్కల నూనె దేంట్లోనూ కొలెస్ట్రాల్ లెక్కపెట్టేంత ఉండదు, పామాయిల్ అయినా, పల్లి నూనె అయినా. వెనక చిన్న అక్షరాల్లో సంతృప్త కొవ్వు ఎంత, ట్రాన్స్ కొవ్వు ఎంత అని రాసి ఉంటది. చదవాల్సింది అది.

పామాయిల్ మొత్తం తీసెయ్యమని మేం అడగట్లేదు. అది చవక, అందుకే మెస్‌కు వస్తది. అశ్వారావుపేట, దమ్మపేట దిక్కు మన కోయ రైతుల్లో కూడా ఆయిల్ పామ్ వేసినోళ్ళు ఉన్నారు, వాళ్ళ పొట్ట కొట్టే మాట మనం అనొద్దు. మేం అడిగేది నాలుగే. వారంలో కొన్ని రోజులైనా పల్లి నూనెనో నువ్వుల నూనెనో కూరకు వాడాలె. ఒకసారి డీప్ ఫ్రైకి కాచిన నూనెను మళ్ళీ వేపుళ్ళకు పెట్టొద్దు. సాయంత్రం బిస్కెట్ బదులు పల్లి పట్టీనో నువ్వుల ఉండనో పెట్టాలె. మెస్ కమిటీలో ఉన్న విద్యార్థులకు నూనె డబ్బాల లెక్క చూపించాలె.

ఇంటికి పోయినప్పుడు ఇంకో పని. అమ్మకు ఉపన్యాసం ఇయ్యొద్దు. నాలుగు అక్షరాలు రాగానే పెద్దోళ్ళకు పాఠాలు చెప్పే అలవాటు మనకు వద్దు. నువ్వులు, అవిసెలు ఏ చేన్లో వేసేటోళ్ళు, గానుగ ఏ ఊర్లో ఉండేది అని కూర్చొని అడగండి. కొన్ని కిలోల నువ్వులు అమ్మకుండా ఇంట్లోకి ఉంచుకుందామని చెప్పండి. మన ఇండ్లల్లో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటి తరం మనమే. ప్యాకెట్ వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవగలిగేది కూడా ఇంట్లో మొదట మనమే. ఆ చదువు సంత రోజు అమ్మ సంచి దగ్గర పనికి రావాలె.

మీ హాస్టల్లో నెలకు ఎన్ని డబ్బాలు, ఎంతమంది, ఏ నూనె అని లెక్క తీసి కింద రాయండి. అందరివీ కలిపితే పెద్దసార్ల ముందు పెట్టడానికి మన చేతిలో ఒక కాగితం ఉంటది.

జై ఆదివాసీ.