భూసార కార్డులో పురుగుకు చోటేదీ?

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డు పథకం రైతుకు పన్నెండు అంశాలు చెబుతుంది. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం ఎంతున్నాయో. జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ సరిపోతాయో లేదో. ఉదజని సూచిక, లవణాల మోతాదు, సేంద్రియ కర్బనం ఏ స్థాయిలో ఉన్నాయో అందులో ఉంటుంది. కార్డు పేరులో ఆరోగ్యం ఉంది, లోపల మాత్రం ప్రాణమున్న ఒక్క జీవికీ చోటు లేదు. వానపాము ఉందో లేదో, చెదలు ఏ రకానివో, పేడ పురుగు కనిపించి ఎన్నేళ్లయిందో ఆ కార్డుకు అక్కర్లేదు. ఎరువుల మోతాదు తేల్చడానికి ఆ పన్నెండూ పనికొస్తాయి, కాదనలేం. కానీ మనలాంటి వేడి ప్రాంతంలో ఒక నేల సత్తువ పెరుగుతోందా, తరుగుతోందా అన్నది పురుగులను లెక్కపెట్టకుండా తేలదు. ఆ లెక్క మొదలుపెట్టడానికి ఖమ్మం జిల్లాలో, అడవి అంచున ఉన్న తల్లాడ మండలం తగిన చోటు.

చలి దేశాల నేలలో రాలిన ఆకు నెమ్మదిగా కుళ్లుతుంది, కర్బనం ఏళ్ల తరబడి నిలుస్తుంది. మన ఎండలకు, వానలకు అది త్వరగా కరిగిపోతుంది. మన ప్రయోగశాలల లెక్క ప్రకారం సేంద్రియ కర్బనం 0.5 శాతం కంటే తక్కువుంటే అది పేద నేల. ఆ కాస్త కర్బనాన్ని కాపాడుకోవాలంటే ఆకును, పేడను, కొయ్యకాళ్లను ఎప్పటికప్పుడు ముక్కలు చేసి మట్టిలోకి దింపే జీవులు ఉండాలి. ఆ చాకిరీ చేసేవి చెదలు, చీమలు, పేడ పురుగులు, కంటికి ఆనీ ఆనని గెంతే బుల్లి జీవులు. వాటి బొరియల గుండానే వాన నీరు లోపలికి ఇంకుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని మెట్ట గోధుమ చేలలో చేసిన ఒక ప్రయోగం 2011లో ప్రచురితమైంది. చీమలను, చెదలను మందుతో తొలగించిన మళ్ల కంటే వాటిని బతకనిచ్చిన మళ్లలో దిగుబడి 36 శాతం ఎక్కువ వచ్చింది. నీరు ఎక్కువ ఇంకడం, నత్రజని పెరగడం అందుకు కారణాలని శాస్త్రవేత్తలు తేల్చారు. బుర్కినా ఫాసో రైతులు ఇంకో అడుగు ముందుకేశారు. గట్టిపడి బీడైన నేలలో చిన్న గుంతలు తవ్వి, పెంట వేసి, చెదలను పిలిపించుకుని మరీ నేలను గుల్ల చేయించుకుంటారు. ఆ పద్ధతితో బీడును సాగులోకి తెచ్చిన యకూబా సవడోగోకు 2018లో రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం దక్కింది. మన రైతుకూ ఈ చూపు కొత్తది కాదు. ఆరుద్ర కార్తెలో తడిసిన చేలో ఎర్రటి ఆరుద్ర పురుగులు తిరిగితే అదను వచ్చిందని సంబరపడిన సంస్కృతి మనది. అవి నేలలో పెరిగి, చిన్న పురుగులను, వాటి గుడ్లను తిని బతికే జీవులు. కార్తెకు పేరున్న పురుగు చేలో కనబడడం మానేస్తే ఆ సంగతి ఏ రికార్డులోకీ ఎక్కడం లేదు.

పురుగుల లెక్క నేలకు కొలత మాత్రమే అయితే ఇంత పట్టుబట్టనక్కర్లేదు. పంటను తినే పురుగు అదుపులో ఉండడం కూడా ఈ నేల జీవుల మీదే ఆధారపడి ఉంది. ఇండోనేషియాలో సుడిదోమ ఉద్ధృతి ఆగక, 1986లో ఆ దేశ ప్రభుత్వం వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది. మందు కొట్టేకొద్దీ దోమ పెరగడానికి కారణం, దాన్ని తినే సాలీళ్లు, నల్లులు ముందే చచ్చిపోవడం. ఆ తర్వాత జావా వరి పొలాల్లో జరిగి, 1996లో ప్రచురితమైన ఒక అధ్యయనం ఇంకా లోతైన సంగతి బయటపెట్టింది. నాటు వేసిన తొలి వారాల్లో పంట మీద పురుగు పెద్దగా ఉండదు. మరి సాలీళ్లు ఏం తిని బతకాలి? మడి నీటిలో, బురదలో కుళ్లుతున్న సేంద్రియ పదార్థం మీద పెరిగే, వరికి ఏ హానీ చేయని చిన్న పురుగులను తిని బతుకుతాయి. సేంద్రియ పదార్థం ఎక్కువ వేసిన మళ్లలో ఆ చిన్న పురుగులు పెరిగాయి, వాటి వెంట వాటిని తినే మిత్ర పురుగులూ పెరిగాయి. అంటే దోమ రాకముందే దాని కోసం కాపలా సిద్ధమైంది. పశువుల ఎరువు, జీలుగ, పిల్లిపెసర, గొర్రెల మంద తోలడం వంటివాటిని మనం ఇన్నాళ్లూ సత్తువ ఖాతాలోనే రాసుకున్నాం. అవి సస్యరక్షణ ఖాతాలోకి కూడా వస్తాయి. కోత యంత్రం వెళ్లాక కొయ్యకాళ్లకు నిప్పు పెడితే సత్తువతో పాటు వచ్చే కారు కాపలా కూడా కాలిపోతుంది.

ఖమ్మం జిల్లా ఈ పాఠాన్ని చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2018లో కర్ణాటకలో కనిపించిన కత్తెర పురుగు అదే ఏడు మన మొక్కజొన్న మీదికి వచ్చింది. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించిన నల్ల తామర పురుగు 2021లో గుంటూరు నుంచి ఖమ్మం దాకా మిర్చిని ఊడ్చేసింది. పూతలో చేరి పిందె నిలవనివ్వని ఆ పురుగు మీద రైతులు మందు మార్చి మందు కొట్టారు, అప్పులు మిగిలాయి, తోటలు పీకేశారు. ఈ రెండు పురుగులూ బతుకులో ఒక దశ నేలలో గడుపుతాయి. కత్తెర పురుగు కోశస్థ దశకు మట్టిలోకి దిగుతుంది. తామర పురుగు పిల్లలు కూడా మొక్క మీంచి రాలి, మట్టిలోనో రాలిన ఆకుల కిందో ఆ దశ గడిపి పైకొస్తాయి. అక్కడ వాటిని తినే చీమలు, నేల పెంకు పురుగులు ఉన్నాయా లేవా అన్నది ఆకుల మీద కొట్టే ఏ మందుకూ పట్టదు. ఇదే ఉమ్మడి జిల్లాలో, పాల్వంచ మండలం పునుకుల రైతులు ఇరవై ఏళ్ల కిందటే దారి చూపారు. మందు అప్పిచ్చిన వ్యాపారే పత్తి కొనే రోజుల్లో, సెక్యూర్, సుస్థిర వ్యవసాయ కేంద్రం సంస్థల తోడ్పాటుతో వాళ్లు వేప కషాయాలు, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు పట్టుకున్నారు. ఊరు ఊరంతా పురుగుమందు మానేసింది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో పేదరిక నిర్మూలన సంస్థ నడిపిన పురుగుమందుల్లేని సాగుకు పునుకుల ఒక ప్రేరణ. ఆ ఊరు గెలుపును ఎకరాకు మిగిలిన రూపాయల్లో లెక్కగట్టారు, అది సబబే. ఆ నేలలో తిరిగొచ్చిన జీవుల లెక్క కూడా ఏటా రాసి ఉంటే ఈరోజు మిర్చి రైతుకు చూపించడానికి ఒక ఆధారం చేతిలో ఉండేది.

తల్లాడనే ఎందుకు ఎంచుకోవాలంటే, ఇక్కడ పోలిక దగ్గర్లో దొరుకుతుంది. ఒకవైపు సాగర్ ఎడమ కాలువ కింద వరి, మరోవైపు మెట్టన పత్తి, మిర్చి, మామిడి. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వెళ్లే దారిలో అడవి మొదలవుతుంది. ఒకే వాన, ఒకే ఎండ. ఒకచోట నాగలి, మందు పడిన నేల, కాస్త దూరంలో అవేవీ పడని నేల. అడవి మట్టిలో ఉండి చేను మట్టిలో లేని జీవులేవో తెలిస్తే మనం ఏం పోగొట్టుకున్నామో పేర్లతో సహా తెలుస్తుంది. అడవికి ఆనుకున్న చేలోనూ, దూరపు చేలోనూ చూస్తే అవి ఎంత దూరం నడిచి రాగలవో కూడా తేలుతుంది.

అడవి అంచు పురుగులకు నెలవే కదా అని ఒక అభ్యంతరం ఉంది. అందులో నిజం లేకపోలేదు. నల్ల తామర పురుగు రకరకాల మొక్కల మీద బతుకుతుంది, గట్ల మీది కలుపు దానికి ఆశ్రయమే. చెదలు పంటను కొట్టడమూ రైతు ఎరిగిందే. అయితే చెదల్లో పంట మీద పడేవి కొన్ని జాతులే, మిగిలినవి ఎండుటాకు, పుల్లలు, మట్టి తిని బతుకుతాయి. ఏది శత్రువో ఏది మిత్రుడో విడదీయాలంటే జాతుల వారీగా చూడాలి. కాబట్టి ఈ అభ్యంతరం అధ్యయనం కావాలనే చెబుతోంది. ఇంకొందరు శ్రీలంకను చూపిస్తారు. 2021 మే నెలలో అక్కడ రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపేసి, పంట దెబ్బతిని, ఆ ఏడాది నవంబరులోనే వెనక్కి తగ్గారు. అది కొలతలేని తొందరపాటుకు ఫలితం. ఇక్కడ అడుగుతున్నది ఏ బస్తానూ ఆపమని కాదు, కొలవమని. ఇక రైతుకు పురుగులు లెక్కపెట్టే తీరిక ఎక్కడిదన్న మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆ పని రైతు నెత్తిన పెట్టకూడదు. తెలంగాణలో 2,601 రైతు వేదికలున్నాయి, అయిదు వేల ఎకరాలకు ఒక విస్తరణ అధికారి అన్నది ప్రభుత్వం పెట్టుకున్న ఏర్పాటు. వైరాలో కృషి విజ్ఞాన కేంద్రం, మధిరలో పరిశోధన స్థానం, అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉన్నాయి. పురుగును గుర్తుపట్టే చదువు ఉన్నవాళ్లు ఉమ్మడి జిల్లాకు కొత్తగా రానక్కర్లేదు.

ఖర్చు కూడా పెద్దది కాదు. వేడి దేశాల నేలల కోసమే 1980ల్లో రూపొందిన పద్ధతి ప్రకారం 25 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 30 సెంటీమీటర్ల లోతున మట్టి పెళ్ల తీసి, పళ్లెంలో పోసి, చేత్తో ఏరి లెక్కపెట్టాలి. నేల మీద తిరిగేవాటికి అంచు వరకూ పాతిన గ్లాసులో కాస్త సబ్బు నీళ్లు పోస్తే చాలు. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. భూసార పరీక్షకు మట్టిని సాధారణంగా పంట లేని ఎండాకాలంలో తీస్తాం. అప్పుడు జీవులు లోతుకు దిగిపోయి ఉంటాయి, లెక్క తప్పుతుంది. పురుగుల లెక్క వానాకాలం నడుమ, నేల తడిగా ఉన్నప్పుడు తీయాలి. వ్యవసాయ శాఖ, జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి వచ్చే ఆగస్టులో తల్లాడ మండలంలోని వరి, పత్తి, మిర్చి చేలల్లోనూ పక్కనున్న అడవిలోనూ ఈ లెక్క మొదలుపెట్టాలి. అయిదేళ్లపాటు అవే చేలల్లో ఆపకుండా తీయాలి. రైతుకిచ్చే కార్డులో పదమూడో గడి చేర్చి ఆ అంకె అందులో రాయాలి.