పువ్వు తెలుసు, రేటు తెలియదు

"ఖాళీగా ఉన్నప్పుడు నాలుగు పూలు అల్లుకుంటారండీ, చేతిఖర్చులకొస్తాయి." నరసాపురం లేసు గురించి ఎవరిని కదిపినా ఇదే పాట. ఈ ఒక్క అబద్ధాన్ని పెట్టుబడిగా పెట్టి తరాల తరబడి ఎగుమతి వ్యాపారం చేశారు. పొద్దుట వంట, మధ్యాహ్నం సూది, సాయంత్రం మళ్లీ వంట, రాత్రి బల్బు కింద మళ్లీ సూది. ఇందులో ఖాళీ ఎక్కడుందో చూపించండి. కాలక్షేపమైతే శనివారానికల్లా సరుకు కావాలని ఏజెంటు గుమ్మంలో ఎందుకు నిలబడతాడు?

19వ శతాబ్దం నడుమ స్కాట్లండ్ మిషనరీలు ఇక్కడి బీద క్రైస్తవ స్త్రీలకు క్రోషే సూది పట్టడం నేర్పారు. తర్వాత ఆ పని కులాలు దాటింది. గడప దాటితే పరువు పోతుందన్న కాపు ఇళ్లలో ఆడవాళ్లకు ఇదొక్కటే ఒప్పుకున్న సంపాదన. దారం గుమ్మంలోకే వస్తుంది, సరుకు గుమ్మంలోంచే పోతుంది. ఒక ఇంట్లో చేతిపని, ఇంకో ఇంట్లో అతుకుపని. ఒకరు పువ్వు అల్లితే దాన్ని పక్క పువ్వుతో కలిపేది మరొకరు. ఆ ఇద్దరూ జన్మలో ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవచ్చు. ఇద్దరినీ ఎరిగినవాడు ఏజెంటొక్కడే!

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లోనే నరసాపురం లేసు స్త్రీల మీద పుస్తకం రాసి ఈ గుట్టు విప్పింది. వీళ్లను గృహిణుల కింద జమకట్టడం వల్లే ఇంత చవగ్గా పని చేయించుకోగలుగుతున్నారని తేల్చింది. పొలానికి పోయే దళిత కూలి స్త్రీలు గుంపుగా ఉంటారు, గట్టు మీద నిలబడి కూలి అడుగుతారు. నాలుగు గోడల మధ్య కూర్చున్న లేసు మనిషికి వాళ్లపాటి కూలి కూడా రాలేదు. పరువు ఖరీదు అంత! ప్రపంచమంతా చదివిన ఆ పుస్తకాన్ని మన జిల్లాలో ఎంతమంది తిరగేశారో నన్నడక్కండి.

ఇక నా అసలు తగువు. ఈ ఆడవాళ్లు ఒకరికొకరు సాయం చేసుకోరని కాదు. గోదావరి ఇవతల ఒకరికి కొత్త డిజైను దొరికితే ఫొటో తీసి పంటు దాటక్కర్లేకుండా సఖినేటిపల్లిలో ఉన్న పిన్నికి పంపుతారు. గొలుసు ఎక్కడ తప్పిందో ఫోన్లోనే చెప్పి విప్పిస్తారు. కోడలు పురిటికెళ్తే ఆమె ఒప్పుకున్న పూలు తోడికోడలు పూర్తిచేస్తుంది. ఈ మంచితనం చూసి మురిసిపోయి వ్యాసాలు రాసేవాళ్లున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకంటే ఆ సాయమంతా చివరికి ఏజెంటు గడువుకే ఉపయోగపడుతోంది. ఏ పువ్వు ఎలా అల్లాలో పది ఊళ్లకు తెలుసు. ఆ పువ్వుకు పక్క ఊళ్లో ఎంతిస్తున్నారో పక్కింటికి తెలియదు. "నీకు మాత్రమే ఈ రేటు, ఎవరితోనూ అనకు" అన్న గుసగుసకు ఇంత మహిమ!

అహ్మదాబాదులో ఇలాబెన్ భట్ 1972లో ఇలాంటి స్త్రీలతోనే 'సేవా' సంఘం పెట్టింది. ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్లూ కార్మికులేనని, వాళ్లకూ సంఘం పెట్టుకునే హక్కుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు రాగానే శాలువాలు కప్పుకున్నారు. సంతోషం. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది. అల్లినామెకు పువ్వుకింత ఇవ్వాలని ఎక్కడా చెప్పదు.

అందుకే అమ్మా, వదినా, ఈసారి డిజైను ఫొటో పంపేటప్పుడు కింద మూడు ముక్కలు రాయండి: పువ్వుకెంత, దారం ఎవరిది, డబ్బు ఎన్నాళ్లకు చేతికొచ్చింది. రాయడం రాకపోతే గొంతుతో చెప్పి పంపండి. మొగల్తూరు నుంచి రాజోలు దాకా, ఆచంట నుంచి పాలకొల్లు దాకా ఆ మూడు ముక్కలూ తిరగనివ్వండి. దారం ఆపేస్తాడని భయమా? ఒక్క ఇంటికి ఆపగలడు. ఓడకెక్కించాల్సిన తేదీ నెత్తి మీద పెట్టుకుని ఇన్ని ఊళ్లకు ఆపమనండి చూద్దాం.