నిప్పుగోళం పాపులను వెతుక్కుంటూ రాదు

ఆకాశంలో ఒక ఉల్క భగ్గుమంటే చాలు, "ఇదే తీర్పు, ఇక లోకాంతమే" అని ఫోన్లలో భయాన్ని పంచేవారు బయలుదేరుతారు. ఆ బోధను మేము ఒప్పుకోము.

2013 ఫిబ్రవరి 15 ఉదయం రష్యాలోని చెల్యాబిన్‌స్క్ దగ్గర సుమారు 20 మీటర్ల అంతరిక్ష శిల ఆకాశంలోనే పేలింది. ఆ క్షణం సూర్యుణ్ణి మించిన వెలుగు. ఏమిటా వింత అని జనం కిటికీల దగ్గర చేరారు. వెలుగు ముందొచ్చింది, పేలుడు తాకిడి ఆ తర్వాత వచ్చింది. అద్దాలు పగిలి, సుమారు 1,500 మంది గాయాలకు చికిత్స కోసం వెళ్లారు.

వారు మనకన్నా పాపులా? సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు ప్రభువు ఆ లెక్కను ఒప్పుకోలేదు. వింటున్నవారినే మారుమనస్సు పొందమన్నాడు. మరి మనమెందుకు పరాయివారి గాయాల మీద ప్రసంగాలు కడతాం?

ఆ ఊరి బడిలో ఒక టీచరమ్మ పిల్లలందరినీ బల్లల కింద దూరమంది. గాజు తగిలి ఆమె చెయ్యి తెగింది, పిల్లలు క్షేమంగా మిగిలారు. అదీ పొరుగువారిని ప్రేమించడమంటే.

సహోదరులారా, ఆకాశం ఎప్పుడైనా అలా మెరిస్తే వీడియో తర్వాత పంపుదాం. ముందు పిల్లల్ని కిటికీ దగ్గర నుంచి తప్పిద్దాం.