క్రూయిజ్ ఆఖరి రోజుకి బెస్ట్ గ్యాడ్జెట్ మీ సొరుగులోనే ఉంది

సెలవులు దగ్గరపడ్డాయంటే నాకు వచ్చే మెసేజ్‌లలో ఒకటి గ్యారంటీగా ఇలా ఉంటుంది: "బ్రో, ఫ్యామిలీతో క్రూయిజ్ వెళ్తున్నాం. చిన్న పిల్లలున్నారు. ఏం గ్యాడ్జెట్స్ కొనాలి?" అడిగేవాళ్లలో సగం మందికి ఇంకా పెళ్లి కూడా కాలేదు. అక్క పిల్లలో, అన్న పిల్లలో ఉంటారు, ఇంట్లో టెక్ సపోర్ట్ మాత్రం వీళ్లే. నా సమాధానం వాళ్లకి నచ్చదు, ఎందుకంటే కొనడానికి లింక్ ఉండదు. ఏమీ కొనొద్దు. సొరుగులో పడి ఉన్న పాత ఫోన్ తీసి, అందులో సిమ్ లేకుండా పట్టుకెళ్లండి. ఆ ఫోన్ విలువ మొదటి రోజు తెలీదు, ఆఖరి రోజు తెలుస్తుంది.

మా ఇల్లు బుద్వేల్‌లో. శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ పక్కనే అన్నట్టు ఉంటుంది, సముద్రం మాత్రం వందల కిలోమీటర్ల దూరం. మా పెద్దోడికి ఏడేళ్లు, చిన్నదానికి మూడేళ్లు. మొన్న చలికాలంలో ముంబైకి ఫ్లైట్‌లో వెళ్లి, అక్కడ కోర్డేలియా ఎంప్రెస్ ఎక్కి, లక్షద్వీప్ చూసి మళ్లీ ముంబైలో దిగాం. మా అత్తమ్మ కూడా వచ్చింది. తెలుగువాళ్లకి ఈ ఓడ కొత్తేం కాదు, 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి కూడా తిరిగింది. 2023 సెప్టెంబర్‌లో వైజాగ్‌లో ఇంటర్నేషనల్ క్రూయిజ్ టెర్మినల్ కూడా ఓపెన్ అయింది. కాబట్టి ఈ ప్రశ్నలు ఇంకా పెరుగుతాయనే అనుకుంటున్నా.

చిన్న పక్కమాట. ఈ ఓడ వయసు మీలో చాలామంది కంటే ఎక్కువ. 1990లో "నార్డిక్ ఎంప్రెస్" పేరుతో సర్వీస్‌లోకి వచ్చింది, కట్టింది ఫ్రాన్స్‌లో. అప్పటికి స్మార్ట్‌ఫోన్లే లేవు. మన దగ్గర మూడేళ్ల ఫోన్‌ని "అవుట్‌డేటెడ్" అని రివ్యూల్లో రాస్తాం, అక్కడ ముప్పై దాటిన ఓడ ఎంచక్కా తిరుగుతోంది.

సరే, ఆఖరి రోజు ఎందుకు స్పెషల్? క్రూయిజ్‌లో మిగతా రోజులు పిల్లలకి ఏదో ఒక పని ఉంటుంది. పూల్, షో, బఫే, దీవి. ఆఖరి పూర్తి రోజు మాత్రం చాలాసార్లు సముద్రంలోనే గడుస్తుంది. పెద్దవాళ్లు బ్యాగులు సర్దే గొడవలో ఉంటారు, పిల్లలకి రేపు దిగిపోతున్నాం అనే సంగతి అప్పుడే అర్థమవుతుంది. చాలా ఓడల్లో పెద్ద బ్యాగుల్ని ముందు రోజు రాత్రే ట్యాగ్ కట్టి క్యాబిన్ బయట పెట్టాలి. పొద్దున లేచేసరికి మీ దగ్గర ఉండేది ఒక్క చేతి సంచి. ఆ తర్వాత క్యూ, టెర్మినల్ హాల్, బ్యాగులు వెతుక్కోవడం, క్యాబ్, ఎయిర్‌పోర్ట్, మళ్లీ క్యూ, ఫ్లైట్. మా లెక్కలో ఓడలో నిద్రలేచినప్పటి నుంచి బుద్వేల్‌లో తాళం తీసేవరకు పన్నెండు గంటలు పైనే పట్టింది. మూడేళ్ల పాపతో పన్నెండు గంటలు.

ఈ పన్నెండు గంటల్లో నాన్న ఫోన్ ఒక్కటే ఐదు పనులు చేస్తుంది. ఫ్లైట్ బోర్డింగ్ పాస్‌లు అందులోనే, ఐడీ కార్డులు అందులోనే, క్యాబ్ బుకింగ్, యూపీఐ, ఫొటోలు అన్నీ అందులోనే. చిన్నది ఏడవగానే మనం చేసే మొదటి పని ఏంటి? ఆ ఫోన్‌నే దాని చేతిలో పెట్టడం. ఇంకేముంది, గంటలో బ్యాటరీ సగానికి వస్తుంది, జ్యూస్ చేత్తో స్క్రీన్ నొక్కుతారు, ఒక్కోసారి ఫోన్ కిందపడుతుంది. ఇల్లు చేరడానికి కావాల్సిన ప్రతీది ఉన్న వస్తువుని మూడేళ్ల పిల్లకి బొమ్మగా ఇస్తున్నాం. ఎంత ఫ్లాగ్‌షిప్ అయినా, ఎన్ని మిల్లీయాంప్స్ బ్యాటరీ ఉన్నా, ఇది ఫోన్ సమస్య కాదు. పనుల్ని పంచకపోవడమే సమస్య.

అందుకే పాత ఫోన్. మేం తీసుకెళ్లింది 2019 నాటిది, 64 జీబీ స్టోరేజ్. స్క్రీన్ మూలన చిన్న పగులు, దాని మీద టెంపర్డ్ గ్లాస్. ముఖ్యంగా దానికి 3.5 ఎంఎం జాక్ ఉంది. ఈ జాక్ తీసేసినప్పుడు కంపెనీలు చెప్పిన కారణాలు నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. పిల్లల వైర్ హెడ్‌ఫోన్‌కి ఛార్జింగ్ అక్కర్లేదు, పెయిరింగ్ అక్కర్లేదు, ఒక ఇయర్‌బడ్ సీటు కింద దొర్లిపోయే బాధ లేదు. 85 డెసిబెల్స్ దాటనివ్వని పిల్లల మోడల్ తీసుకుంటే చాలు.

సిమ్ ఎందుకు తీసేయాలంటే, చాలా ఓడల్లో సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. తీరం నుంచి దూరం వెళ్లాక అది ఆన్ అవుతుంది. సాధారణంగా 12 నాటికల్ మైళ్లు దాటాక, అంటే సుమారు 22 కిలోమీటర్లు. అది శాటిలైట్ మీద నడిచే నెట్‌వర్క్. మామూలు రోమింగ్ ప్యాక్‌లలో చాలావాటికి అది వర్తించదు. ఇంటర్నేషనల్ రోమింగ్ యాక్టివ్‌గా ఉన్న పోస్ట్‌పెయిడ్ నంబర్ అయితే, జేబులో ఉన్న ఫోన్ తనంతట తానే దానికి తగులుకుని బ్యాక్‌గ్రౌండ్‌లో యాప్‌లు అప్‌డేట్ చేసుకోవచ్చు. పెద్దవాళ్లం ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టుకుంటాం, ఓకే. కానీ పిల్లలు స్క్రీన్ పైనుంచి కిందికి లాగి కనిపించిన ప్రతి బొమ్మా నొక్కుతారు. సిమ్మే లేని ఫోన్‌లో ఏది నొక్కినా బిల్లు రాదు.

లోడ్ చేసే విషయంలో ఒక్క మాట. డౌన్‌లోడ్ చేశాం కదా అని ధీమాగా ఉండొద్దు. ఓటీటీ డౌన్‌లోడ్‌లకి గడువు ఉంటుంది, కొన్ని టైటిల్స్ ఒకసారి ప్లే మొదలుపెట్టాక 48 గంటల్లో పోతాయి. పిల్లలు చూసిందే పదిసార్లు చూస్తారు కాబట్టి వాళ్లకి ఇష్టమైనదే సరిగ్గా ఆఖరి రోజుకి మాయమవుతుంది. మేం ట్రిప్ మొదట్లో కొన్ని తెరవనే లేదు, ఆఖరి రోజుకి దాచాం. మీరు సొంతంగా తీసిన వీడియోలకి ఏ గడువూ ఉండదు. మా చిన్నది అన్నిటికంటే ఎక్కువసార్లు చూసింది కార్టూన్ కాదు, తన రెండో పుట్టినరోజు వీడియో.

కానీ పాత ఫోన్ చేసిన బెస్ట్ పని కార్టూన్లు చూపించడం కాదు. జీపీఎస్‌కి ఇంటర్నెట్ అక్కర్లేదని మీకు తెలుసు. ఫోన్ శాటిలైట్ సిగ్నల్స్‌ని వింటుంది, అంతే, తను ఏమీ పంపదు. ఇంటి దగ్గరే ఆఫ్‌లైన్ మ్యాప్స్‌లో పశ్చిమ తీరం మొత్తం దింపుకుని వెళ్లాం. క్యాబిన్‌లో పని చేయదు, చుట్టూ ఇనుమే కదా. ఆఖరి రోజు మధ్యాహ్నం పెద్దోడిని డెక్ మీదకి తీసుకెళ్లి ఫోన్ ఆకాశం వైపు పట్టుకోమన్నా. రెండు మూడు నిమిషాలు పట్టింది. నీలం రంగు మధ్యలో ఒక నీలి చుక్క. చుట్టూ రోడ్డు లేదు, ఊరు లేదు, పేరు లేదు.

"నాన్నా, మనం ఎక్కడా లేము" అన్నాడు.

జూమ్ అవుట్ చేసి చూపించా. కుడివైపు కర్ణాటక, గోవా, మహారాష్ట్ర, ఇంకా లోపలికి హైదరాబాద్. వాడికి వాడే రూల్ పెట్టుకున్నాడు: ప్రతి గంటకీ చుక్క ఎంత జరిగిందో చూడాలి. భోజనం మధ్యలో లేచాడు, ఆటల గదిలోంచి లేచాడు. చుక్క పైకి పోతున్న కొద్దీ రేపు దిగడం అనేది వాడికి ఒక లెక్కలా అయింది. చిన్నది "నేను దిగను" అని రాత్రి ఏడుస్తుంటే, "చుక్క చూడు, ఇల్లు దగ్గరికొస్తోంది" అని వీడే సముదాయించాడు. దాంతో అది ఏడుపు ఆపలేదనుకోండి. అది వేరే విషయం.

ఇప్పుడు వైఫై ప్యాక్. ఆఖరి రోజున దీన్ని కొనడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తా. స్పీడ్ కారణం కాదు. పాత తరహా శాటిలైట్లు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి పింగ్ దారుణంగా ఉండేది. ఇప్పుడు అంతకంటే చాలా తక్కువ ఎత్తులో తిరిగే స్టార్‌లింక్ లాంటివి ఓడల్లోకి వచ్చేశాయి. రాయల్ కరీబియన్ 2022లోనే తన ఓడల్లో పెడతానని ప్రకటించింది. మన దేశంలో కూడా ఓడల్లో, విమానాల్లో కనెక్టివిటీకి 2018లోనే రూల్స్ వచ్చాయి. స్పీడ్ బాగుపడుతుంది, సందేహం లేదు. నా అభ్యంతరం వేరే. ఆ ప్యాక్ ఆఖరి రోజున ఎవరు కొంటారో గమనించండి. నాలుగు రోజులు ఆగగలిగిన నాన్నలే "రేపు ఆఫీస్ కదా, ఒకసారి మెయిల్ చూస్తా" అని కొంటారు. చూశాక ఆ మనిషి ఓడలో ఉండడు. పిల్లలకి ఆ రోజు మొత్తం నాన్న పక్కనే కూర్చుని స్క్రీన్ వంక చూస్తుంటాడు. మెయిల్ రేపు పొద్దున ముంబై సిగ్నల్ అందగానే ఫ్రీగా వస్తుంది. పాప వయసు రేపటికి ఒక రోజు పెరుగుతుంది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేకపోతే, ఫోన్ రావాల్సిన పరిస్థితి ఉంటే అది వేరు, అప్పుడు తప్పకుండా కొనండి.

స్మార్ట్ ట్యాగ్‌ల గురించి కూడా అడుగుతారు. బ్యాగులో వేయండి, బాగా పనికొస్తుంది. కాకపోతే ఎయిర్‌ట్యాగ్‌లో జీపీఎస్ ఉండదు, చుట్టుపక్కల నెట్ ఉన్న ఫోన్ల మీద ఆధారపడుతుంది. నడి సముద్రంలో మ్యాప్ మీద లొకేషన్ కదలకపోతే కంగారు పడొద్దు. టెర్మినల్ హాల్‌లో అందరి ఫోన్లకీ సిగ్నల్ వచ్చాక దాని అసలు ఉపయోగం. పిల్లల మెడలో వేయడం మాత్రం నాకు నచ్చదు. ఆపిల్ దాన్ని వస్తువుల కోసమే చేశానంటుంది. పైగా లోపల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది, చిన్న పిల్లలు మింగితే ప్రాణం మీదకి వస్తుంది. వాళ్లకి చేతి బ్యాండ్ చాలు, పెన్నుతో రాసింది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: ఓడలో ఉన్నన్నాళ్లూ బ్యాండ్ మీద క్యాబిన్ నంబర్ ఉండాలి, ఎందుకంటే మీ ఫోన్ మోగదు. దిగే రోజు పొద్దున ఆ నంబర్ ఎవరికీ పనికిరాదు, అప్పుడు ఫోన్ నంబర్ కావాలి. కాబట్టి ఆఖరి రోజు బ్యాండ్ మార్చాలి. ఈ ఒక్క ముక్క ఏ "టాప్ 10 క్రూయిజ్ గ్యాడ్జెట్స్" వీడియోలోనూ నాకు కనబడలేదు.

పవర్ బ్యాంక్, ఛార్జర్, పాప డైపర్లు, జ్వరం సిరప్, రేపటి బట్టలు ఇవన్నీ రాత్రి బయట పెట్టే బ్యాగులోకి పోకూడదు. పవర్ బ్యాంక్ ఎలాగూ ఫ్లైట్‌లో చెక్-ఇన్ బ్యాగులో వేయనివ్వరు. 20,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్ అవర్స్, 100 లోపే కాబట్టి చేతి సంచిలో ఇబ్బంది లేదు. ఫ్లైట్ టికెట్లు ఇంట్లోనే కాగితం మీద ప్రింట్ తీసుకెళ్లాం. టెక్ సైట్‌లో కాగితం అంటున్నాడేంటి అనుకుంటారేమో. కాగితానికి ఛార్జింగ్ అక్కర్లేదు, పిల్లలు నొక్కినా ఏమీ కాదు.

"పిల్లలకి స్క్రీన్ ఇవ్వడాన్నే సపోర్ట్ చేస్తున్నారా?" అని కామెంట్ రాబోతోందని తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకి రోజుకి గంట దాటకూడదు, ఇంకా తక్కువైతే ఇంకా మంచిది. మేం ఆ గంటని రెండు ముక్కలు చేశాం: టెర్మినల్ క్యూలో అరగంట, ఫ్లైట్ దిగేటప్పుడు అరగంట. మిగతా టైమ్ అంతా అత్తమ్మ డ్యూటీ. ఆవిడ దగ్గర కథలకి ఎక్స్‌పైరీ లేదు, బఫరింగ్ లేదు, మధ్యలో "ఇంకోసారి" అంటే మళ్లీ మొదటి నుంచి వస్తుంది.

ఒక జాగ్రత్త. పాత ఫోన్ తీసేటప్పుడు దాని వెనక భాగం చేత్తో తడిమి చూడండి. బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టున్నా, స్క్రీన్ అంచు పైకి లేచినట్టున్నా దాన్ని పిల్లలకి ఇవ్వొద్దు, ఫ్లైట్ ఎక్కించొద్దు, ఈ-వేస్ట్‌కి ఇచ్చేయండి. బాగుంటే ఫ్యాక్టరీ రీసెట్ చేసి, ప్లే స్టోర్ పేమెంట్ తీసేసి, ప్రయాణానికి వారం ముందే ఛార్జ్ ఎంతసేపు నిలుస్తుందో చూసుకోండి.

శంషాబాద్‌లో దిగి క్యాబ్ ఎక్కాక ఆ ఫోన్ 18 శాతం దగ్గర ఉంది, నా ఫోన్ 61 దగ్గర. ఇంటికొచ్చాక చూస్తే పాత ఫోన్ గ్యాలరీలో 212 ఫొటోలున్నాయి, అన్నీ చిన్నది తీసినవే. క్యాబిన్ కార్పెట్ నలభై సార్లు, అత్తమ్మ చీర కుచ్చిళ్లు, లిఫ్ట్ బటన్లు, అన్న చెవి, డెక్ రెయిలింగ్ ఊచల మధ్యలోంచి సముద్రం. నా ఫోన్‌లో 4కె వీడియోలు, సన్‌సెట్లు అన్నీ ఉన్నాయి. అత్తమ్మ మాత్రం చిన్నది తీసిన వాటిల్లోంచి నాలుగు ప్రింట్ తీయించమంది. రెయిలింగ్ ఊచల ఫొటో ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది.