తల్లిదండ్రులకూ ఒక తోడు కావాలి
ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం) ఉన్న పిల్లవాడు తరగతిలో కుదురుగా కూర్చోలేకపోతే మన దగ్గర మొదటి నింద తల్లి పెంపకం మీదే పడుతుంది. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించిన స్థితి, ఇందులో వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ అని డాక్టరు చెప్పినా, ఇంటికొచ్చాక అత్తగారికి, టీచరుకు, పక్కింటివాళ్లకు నచ్చజెప్పాల్సింది ఆమే. ఆ భారాన్ని పంచుకోగలిగేది అదే బాధ పడ్డ మరో తల్లి, మరో తండ్రి. అమెరికాలోని ఫ్లోరిడాలో 1987లో ఇలాంటి తల్లిదండ్రులే పూనుకుని మొదలుపెట్టిన ‘చాడ్’ సంస్థ స్థానిక బృందాలతో, స్వచ్ఛంద కార్యకర్తలతో ఆ దేశమంతటా విస్తరించింది. మన దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో 21 వైకల్యాలను గుర్తించింది కానీ, ఆ జాబితాలో ఏడీహెచ్‌డీ పేరు విడిగా లేదు. అందుకే ఇక్కడ కుటుంబాలు ఒకరికొకరు ఆసరాగా నిలవడం మరింత అవసరం. అలాంటి బృందం కలుసుకోవడానికి నెలకో ఆదివారం బడిలో ఒక గది తెరిస్తే చాలు. హోంవర్కును చిన్న చిన్న భాగాలుగా ఎలా చేయించాలి, మందుల గురించి డాక్టరును ఏమేం అడగాలి, స్కూలుకు ఉత్తరం ఎలా రాయాలి అన్నవన్నీ తెలుగులోనే మాట్లాడుకోవచ్చు. ఈ బృందాలు వైద్యానికి ప్రత్యామ్నాయం కావు. మందులు మాన్పించే సలహాలకు అక్కడ చోటుండకూడదు. హెడ్మాస్టర్లు ఆ గది ఇవ్వడానికి ముందుకు రావాలి. తండ్రులూ వచ్చి కూర్చోవాలి.