గింజల రాశి, గణనలో తొందర

పళ్ళెంలో గుప్పెడు బియ్యం పోసినచో అది చిన్న గుట్టగా నిలుస్తుంది. నీటివలె సమతలంగా పరచుకొనదు. రాయివలె ఏ ఆకారంలోనైనా నిలువనూ లేదు. ఆ గుట్ట వాలును నిర్ణయించేది ముఖ్యంగా గింజకూ గింజకూ నడుమగల స్పర్శ, ఘర్షణ. ఘర్షణ నియమాన్ని మట్టికీ, గోడల స్థిరత్వానికీ అన్వయిస్తూ కూలుంబ్ 1773లో పారిస్ అకాడమీకి వ్యాసం సమర్పించాడు. గాదెలో ధాన్యం ఎంత ఎత్తు పోసినా అడుగున పీడనం ఒక హద్దును మించి పెరగదనీ, మిగిలిన బరువును ఘర్షణ మూలంగా గోడలే మోస్తాయనీ జాన్సెన్ అనే జర్మన్ ఇంజనీరు 1895లో వివరించాడు. అయితే రాశిలోని ఒక్కొక్క గింజనూ విడిగా లెక్కలోనికి తీసుకొనడం కంప్యూటరు వచ్చిన పిమ్మటనే సాధ్యమైంది.

ఇందుకు ముఖ్యంగా రెండు మార్గాలు ఉన్నాయి. 1979లో కండాల్, స్ట్రాక్ అనువారు ప్రకటించిన మార్గంలో, తాకిన ప్రతి జంట నడుమ ఒక స్ప్రింగు ఉన్నదని భావిస్తారు. ప్రతి గింజ లెక్కా దాని పొరుగు గింజల స్థితిని బట్టియే తేలుతుంది కావున అనేక ప్రాసెసర్లకు పని పంచడం సులభం. కాని గింజ ఎంత కఠినమైతే కాలపు అడుగు అంత చిన్నది కావలసి వస్తుంది. ఫ్రాన్సులోని మాంపెల్యే నగరంలో మొరో, జాన్ అనే శాస్త్రజ్ఞులు 1980ల నుండి పెంపొందించిన రెండవ మార్గంలో గింజలు బొత్తిగా వంగనివి. తాకని చోట బలం సున్న. తాకిన చోట బలం తోయగలదే గాని లాగలేదు. కాలపు అడుగు పెద్దదిగా ఉంచవచ్చును. అయితే ప్రతి అడుగులోనూ స్పర్శలన్నింటినీ ఏకకాలంలో తృప్తిపరచాలి. అందుకు సాధారణంగా వాడేది గాస్-సైడెల్ పద్ధతియే. మన బి.ఎస్సీ. విద్యార్థులు మూడు సమీకరణాలతో అభ్యసించి, పరీక్ష కాగానే మరచిపోయేది దీనినే.

చిక్కు ఇక్కడనే ఉన్నది. గాస్-సైడెల్ పద్ధతి వరుస తప్పనిది. మొదటి స్పర్శకు వచ్చిన క్రొత్త విలువను రెండవది వెంటనే వాడుకొంటుంది. దానిని నలుగురికి పంచితే ఎవరి చేతిలో క్రొత్త విలువ ఉన్నదో, ఎవరి చేతిలో పాతది ఉన్నదో చెప్పలేము. అందరూ పాత విలువలే వాడే జాకోబీ పద్ధతిలో ఈ తగవు లేదు గాని అది సాధారణంగా నెమ్మదిగా ఫలితానికి చేరుతుంది, కొన్నిచోట్ల చేరనే చేరదు. రెనూఫ్, దుబ్వా, అలార్ అనువారు 2004లో ఈ గాస్-సైడెల్ లెక్కకు సమాంతర రూపాన్ని ప్రచురించారు. మరొక ఉపాయం స్పర్శలకు రంగులు వేయడం. ఒకే విద్యార్థి వ్రాయవలసిన రెండు పేపర్లను ఒకే పూట పెట్టరాదు గదా! అటులనే ఒకే గింజను పంచుకొనే రెండు స్పర్శలకు ఒకే రంగు వేయరాదు. ఒకే రంగువన్నీ ఒకేసారి లెక్కింపవచ్చును. (కదలని నేలను మాత్రం ఎన్ని స్పర్శలైనా పంచుకొనవచ్చును, దాని వేగం మారదు.)

పని పంచిన తీరు మారితే జవాబూ మారుతుంది. ఒకే రాశిని రెండుసార్లు లెక్కించగా ఒకానొక గింజపై బలం రెండు విధాలుగా రావచ్చును. ఇది శాస్త్రమేనా అని కొందరు ఆక్షేపిస్తారు. ఆ ఆక్షేపణ సగమే న్యాయమని మా అభిప్రాయం. వంగని నేలపై వంగని నాలుగు కాళ్ళ బల్లను నిలిపి, ఏ కాలు ఎంత బరువు మోస్తున్నదో చెప్పమంటే ఒక్క జవాబు లేదు. సమీకరణాలు తక్కువ, తెలియని రాశులు ఎక్కువ. దృఢమైన గింజల రాశిలో ఇట్టి బల్లలు వేలకొలది! అక్కడ జవాబులు వేరగుట యంత్రపు దోషం కాదు.

కాని ఈ మాటను చాటు చేసుకొని సగంలో ఆపిన గణనను సమర్థించడం మేము ఒప్పుకొనము. వేగం పెరిగిందని చూపాలంటే పునరావృత్తులు త్వరగా ముగించడమే అతి సులువైన దారి. ఎనిమిది ప్రాసెసర్లతో ఆరు రెట్లు వేగం వచ్చిందని వ్రాసి, గింజలు ఒకదానిలోనికి ఒకటి ఎంత చొరబడెనో వ్రాయని పట్టిక మాకు పట్టికయే కాదు. రెండింటినీ వేరుచేసే పరీక్ష ఉన్నది. నిలకడగా ఉన్న రాశిలో ఏ వరుసలో లెక్కించినా నేలా గోడలూ కలిసి మోసే బరువు గింజల మొత్తం బరువుకు సమానం కావాలి. గుట్ట వాలు కూడా, పలుమార్లు లెక్కించి సగటు తీసినచో, వరుసను బట్టి మారరాదు. ఒక్కొక్క స్పర్శబలం మారితే మారనిండు. ఇవి మారితే పని పూర్తి కాలేదన్నమాట. గాదె గోడ మందాన్ని నిర్ణయించే ఇంజనీరు చేతికి ఈ అంకెలే అందుతాయి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి కలదు. ఖరీదైన యంత్రాలను మేము కోరడం లేదు. నేటి సామాన్య కంప్యూటరులో కూడా ఒకటికంటె ఎక్కువ కోర్లు ఉంటున్నవి. సంఖ్యాత్మక విశ్లేషణ ప్రాక్టికల్సులో రెండు తరగతులు కేటాయించవలెను. మొదటి దానిలో విద్యార్థులు పది గోళీల రాశిని కాగితంపై గీచి, స్పర్శలకు రంగులు వేసి, ఒక పునరావృత్తిని చేతితోనే చేయాలి. రెండవ దానిలో అదే లెక్కను ఒక ప్రాసెసరుపైన, పిదప నాలుగింటిపైన నడిపి పట్టిక వ్రాయాలి. పట్టికలో పట్టిన కాలంతోబాటు మిగిలిన చొరబాటు, నేలపై పడిన మొత్తం బరువు అనే రెండు గడులు ఉండాలి. ఆ రెండు గడులూ నింపని రికార్డు పుస్తకంపై అధ్యాపకులు సంతకం చేయరాదు.